క్వార్టర్ నంబర్ల వీధి

మా పెద్ద మేనత్త పెద్దకర్మ విజయనగరంలో చేశారు. భోజనాలయ్యాక ఎవరి దారిన వాళ్ళు పోగా, పందిట్లో మిగిలిన ముసలీ ముతకా అంతా ఖరగ్‌పూర్ వాళ్ళమే. మంచినీళ్ళ గ్లాసులు ఇంకా చేతుల్లో ఉండగానే తగువు మొదలైంది. వీధి కొళాయి వేపచెట్టుకు ఇవతల ఉండేదా, అవతలా? ఇవతలే అన్నాడు మా బాబాయి. ఆ వీధిలోకి కోడలిగా వచ్చిన పిన్ని ఊరుకోలేదు. "రోజూ బిందెలు మోసినదాన్ని నేను. కూర్చుని తాగినవాడివి నువ్వు. నాకు చెప్తావా?" అని లేచింది. చివరికి నేలమీద బొగ్గుముక్కతో వీధి గీసి మరీ వాదించుకున్నారు. బావ వచ్చి, "మీరంతా ఇక్కడికి ఎందుకొచ్చారో గుర్తుందా?" అని అడిగేదాకా ఆగలేదు.

ఆ తగువు తీర్చే కాగితం ఎక్కడా లేదు. పల్లెలో ఇల్లుంటే దస్తావేజు ఉంటుంది, గట్టు తగాదా వస్తే చూపించడానికి కరణంగారి లెక్క ఉంటుంది. రైల్వే వీధికి అవేవీ ఉండవు. ఇల్లు రైల్వేది, కొళాయి రైల్వేది, వేపచెట్టు కూడా రైల్వేదే. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ మథురాకాటిలో మా వీధికి పేరైనా లేదు. యూనిట్ నంబరు, క్వార్టర్ నంబరు, అంతే. మూడు తరాలు అక్కడ పుట్టి పెరిగినా, చివరిదాకా నంబరు మీద ఉన్నవాళ్ళమే. అందుకే నాకు గుర్తున్నంత మేర రాసి పెడుతున్నాను. తప్పులుంటే పిన్ని ఎలాగూ దిద్దుతుంది.

* * *

బెంగాల్లో తెలుగువాళ్ళేమిటని విశాఖలో ఇప్పటికీ అడుగుతారు. జవాబు పట్టాల్లోనే ఉంది. 1890లలో బెజవాడ నుంచి కటకం దాకా తీరం వెంబడి ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే లైను వేసింది. కొన్నేళ్ళకు దాన్ని రెండు ముక్కలు చేశారు. వాల్తేరుకు దక్షిణాన ఉన్నది మద్రాసు వైపు పోయింది. ఉత్తరాన ఉన్నది 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. విజయనగరం, చీపురుపల్లి, ఆమదాలవలస, పలాస అన్నీ అలా బీఎన్నార్ స్టేషన్లయ్యాయి. ఆ కంపెనీ తన పెద్ద కార్ఖానాను కట్టుకున్నది ఖరగ్‌పూర్‌లో. వానలు పడకపోయినా, అన్నదమ్ములు పంచుకోగా మిగిలిన చెక్క కడుపు నింపకపోయినా, మా వైపు కుర్రాళ్ళకు ఒక రాత్రి రైలు ప్రయాణం దూరంలో పని ఉండేది. ముందు వెళ్ళినవాడు తమ్ముణ్ణి పిలిచాడు, తమ్ముడు బావమరిదిని పిలిచాడు. వీధులు అలా నిండాయి.

మా తాత పాలకొండ దగ్గరి పల్లె నుంచి వెళ్ళి ఖలాసీగా చేరారు. నాన్న క్యారేజి షాపులో ఫిట్టరు. వీధిలో ఎవరినైనా షాపు పేరుతోనే చెప్పేవాళ్ళం. ఫౌండ్రీ మావయ్య, వీల్ షాపు పెద్దనాన్న, స్మితీ షాపు తాతయ్య. ఇంటిపేర్లు పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడే బయటికి వచ్చేవి.

తాతకు సింహాచలం అప్పన్న తరవాత దేవుడు వి.వి. గిరి. 1927లో ఖరగ్‌పూర్ కార్ఖానాలో సమ్మె జరిగింది. బీఎన్నార్ కార్మికుల పక్షాన నిలబడ్డ నాయకుల్లో బరంపురంలో పుట్టిన ఆ తెలుగాయన ముఖ్యుడు. తాత అప్పటికి పనిలో చేరిన కొత్త. ఆ కథ చెప్పినప్పుడల్లా సభకు వచ్చిన జనం పెరుగుతూ పోయేవారు. మామ్మ వంటింట్లోంచి, "కిందటిసారి ఇంతమంది లేరే!" అనేది. 1969లో గిరిగారు రాష్ట్రపతి అయినప్పుడు తాత వీధంతా వేయించిన శనగలు పంచిపెట్టారు. ఖరగ్‌పూర్‌కు ఆనుకునే, మేదినీపూర్ వెళ్ళే దారిలో గిరిమైదాన్ అని చిన్న స్టేషను ఉంది. ఆయన పేరే పెట్టారని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. ఆ స్టేషను మీదుగా బండి వెళ్తుంటే తాత కూర్చున్నచోట నిటారుగా సర్దుకునేవారు.

* * *

మా ఇంట్లో గోడగడియారం ఉండేది గాని దాన్ని ఎవరూ చూసేవారు కాదు. కార్ఖానా కూత చాలు. మొదటి కూతకు పొయ్యిమీద గంజి దిగాలి. రెండో కూతకు నాన్న సైకిలు వీధి మలుపు తిరగాలి. మూడోదానికి గేటు దగ్గర హాజరుకిచ్చే ఇత్తడి బిళ్ళ చేతిలో పడాలి. ఆలస్యమైతే ఆ పూట జీతం కోత. మలుపు తిరిగే సైకిళ్ళ గంటలు, క్యారేజీల మూతల చప్పుడు, ఆ వెనక ఒక్కసారిగా వీధంతా ఆడవాళ్ళ గొంతులే. మగవాళ్ళు వెళ్ళాక వీధి స్వరం మారేది.

రాత్రిది వేరే గడియారం. నింపురా యార్డులో వ్యాగన్లను ఒకదాని మీదికి ఒకటి వదిలేవారు. ఒక చివర తగిలిన దెబ్బ బఫర్ నుంచి బఫర్‌కు పాకుతూ పోయి చీకట్లో ఎక్కడో ఆగేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఉలిక్కిపడి లేచి కూర్చునేవారు. మాకేమో అది ఆగిపోతే మెలకువ వచ్చేది. సమ్మె రోజుల్లో మేము నిద్రపోలేకపోవడానికి ఆ నిశ్శబ్దమే కారణం.

కాల్ బాయ్ అని ఒక మనిషి ఉండేవాడు. పేరుకే బాయ్, తల నెరిసిన మనిషి. డ్రైవర్లకు, గార్డులకు డ్యూటీ పడితే చేతిలో లాంతరు, చంకలో పుస్తకం పెట్టుకుని అర్ధరాత్రి సైకిలు మీద వచ్చేవాడు. మా వీధిలో ఉన్నది ఒక్క గార్డే. ఆయన తలుపు కొట్టి, పుస్తకంలో సంతకం తీసుకుని, మళ్ళీ నిద్రలోకి జారకుండా గడపమీద కూర్చుని ఆయనతో మాటలు కలిపేవాడు. ఆ మాటలు మా ఇంటి కిటికీలోంచి వినిపించేవి. ఏ బండికి వెళ్తున్నాడు, ఎప్పుడు వస్తాడు, ఇంట్లో జ్వరం తగ్గిందా. తెల్లారేసరికి వీధంతటికీ గార్డు మావయ్య ఏ ఊళ్ళో ఉన్నాడో తెలిసిపోయేది. ఆయన ఆకుపచ్చ, ఎర్ర జెండాలు, దీపం, టపాకాయలు ఉండే ఇనప పెట్టె మోయడానికి వేరే మనిషి. పొగమంచు రోజుల్లో పట్టాలమీద పెట్టే ఆ టపాకాయలను చూపించమని పిల్లలం ప్రాణాలు తీసేవాళ్ళం. పెట్టె తెరిచేవాడు గాని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

* * *

మా వీధి గుర్తులు చెప్పాలంటే నీళ్ళ ట్యాంకు వైపు నుంచి రావాలి. మొదట బెంగాలీ మాస్టారి ఇల్లు. గోడమీద పారిజాతం వేలాడుతూ ఉండేది. తరవాత వరసగా మావాళ్ళవి. మధ్యలో ఒక ఒరియా కుటుంబం, మా పక్కింట్లో ఛప్రా నుంచి వచ్చిన పాలవాళ్ళు. పాలవాళ్ళంటే పాల వ్యాపారులు కాదు. ఆయన కార్ఖానాలో రివిటరే, వెనక పెరట్లో ఆవులు కూడా ఉండేవి. వేపచెట్టు, కొళాయి (వరస పిన్నిని అడగండి). ఆ పక్కన చందాలు వేసుకుని కట్టుకున్న రామమందిరం. అది దాటితే ముడి అమ్మే ముసలామె కొట్టు.

ముడి అంటే మరమరాలు. మేదినీపూర్ జిల్లాలో మనుషులు బతికేది దానిమీదే. ఆవనూనె చుక్క, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, వేడి ఆలూచాప్ కలిపి కాగితం పొట్లంలో ఇచ్చేది. మా మామ్మ బతికినంత కాలం ఆవనూనె వాసనకు ముక్కు మూసుకుంది. మా అమ్మ మొదట మూసుకుని తరవాత మానేసింది. మేము ఆ నూనె లేకుండా మరమరాలు తినలేం. మూడు తరాల కథ ఇంతకంటే క్లుప్తంగా చెప్పలేను.

వీధి చివర బొగ్గు కుప్ప. సాయంత్రమయ్యేసరికి ప్రతి ఇంటి ముందూ ఇనప బకెట్ పొయ్యిలు బయటికి వచ్చేవి. రాజుకునేదాకా ఇంట్లో పెడితే ఊపిరాడదు. ఆ పొగ వీధిమీద నడుము ఎత్తున నిలబడేది. అందులో ఆడుకునే పిల్లల తలలు మాత్రమే కనిపించేవి. మిగిలిపోయిన బొగ్గుపొడిని ఎవరూ పారేసేవారు కాదు. బంకమట్టి, పేడ కలిపి ఉండలు చేసి ఎండబెట్టేవాళ్ళం. ఎండాకాలం సెలవుల్లో ఆడపిల్లలకు అదే పని. మధ్యాహ్నం ఎర్రమొరం నేల మీద ఉండలు ఆరుతుంటాయి. వాయవ్యాన ఆకాశం నల్లబడుతుంది. కాలబైశాఖి గాలివాన వచ్చేలోగా అవన్నీ తట్టలకెత్తాలి. ఏ ఇంటి ఉండలని చూసేది లేదు. అందరూ అందరివీ ఎత్తేవారు. వాన వెలిశాక మాత్రం లెక్క దగ్గర గొడవలయ్యేవి. మా ఉండలు పెద్దవి, వాళ్ళవి చిన్నవి. మరి తట్టలో అన్నీ చిన్నవే ఎలా ఉన్నాయి?

* * *

ఏడాదిలో పెద్ద పండుగ ఏదని అడిగితే పెద్దలు సంక్రాంతి అనేవారు. మాకు మాత్రం సెప్టెంబరు 17, విశ్వకర్మ పూజ. ఆ రోజు కార్ఖానా గేటు కుటుంబాలకు తెరుస్తారు. మిగిలిన రోజులన్నీ నాన్నను మింగేసి సాయంత్రానికి నూనె మరకలతో బయటికి పంపే ఆ గోడ వెనకకు మేము వెళ్ళగలిగే రోజు అదొక్కటే.

కొత్త గౌన్లు వేసుకుని, జడల్లో రిబ్బన్లు కట్టుకుని వెళ్ళేవాళ్ళం. లోపల ప్రతి షాపులోనూ ఒక విగ్రహం, కాగితపు పూల తోరణాలు. యంత్రాలన్నీ కడిగి, కుంకుమ బొట్లు పెట్టి ఉండేవి. వీల్ షాపులో మనిషి ఎత్తు చక్రాలు వరసగా నిలబడి ఉండేవి. పైన కప్పు కింద గ్యాంట్రీ క్రేన్. ఒక పెట్టెను పెట్టెగానే అది లేపేస్తుందని నాన్న చెప్తే నమ్మేదాన్ని కాదు. క్యారేజి షాపులో చక్రాలు తీసేసి దిమ్మల మీద నిలబెట్టిన బోగీలు చూశాక నమ్మాను. తలుపులు లేవు, సీట్లు లేవు. మేము ఊరెళ్ళే బండి లోపల ఇంత బోలుగా ఉంటుందా అని భయం వేసింది. ఆ ఏడు విజయనగరం వెళ్తున్నప్పుడు బోగీ గోడమీద తట్టి చూసుకున్నాను.

ఇంట్లో నాన్న మాటలు తక్కువ. అన్నం దగ్గర "ఉప్పు" అంటే అదే ఎక్కువ. అక్కడ మాత్రం వేరే మనిషి. బెంగాలీలో ఒకరిని, హిందీలో ఒకరిని, తెలుగులో ఇంకొకరిని కేకేసి పిలిచేవారు. తన బెంచీ, దానిమీద తను చేసుకున్న కొలత పనిముట్లు, గూట్లో వేంకటేశ్వరుడి పటం చూపించేవారు. నాన్న పైఅధికారి చార్జ్‌మన్ వచ్చి నా తలమీద చెయ్యి పెట్టి, "మీ నాన్న చేతిలో పడ్డ బ్రేకు మళ్ళీ షాపుకు రాదమ్మా" అన్నాడు. నాన్న వినిపించనట్టు వెళ్ళి తోరణం సర్దారు. పూరీ, బూందీ పొట్లాలు పట్టుకుని బయటికి వస్తే ఆకాశమంతా గాలిపటాలు. బెంగాల్లో ఆ రోజే ఎగరేస్తారు. మన సంక్రాంతి గాలిపటాల గురించి విన్నప్పుడు, జనవరిలో ఎవరెగరేస్తారని మా తమ్ముడు చాలా రోజులు వాదించాడు.

ఎండలు ముదిరాక మాతా పూజ వచ్చేది. పేరు బెంగాలీ, హిందీ కలిసినట్టుంటుంది గాని పండుగ అచ్చంగా మాది. మా పల్లెల్లోని అమ్మవారి సంబరమే రైలెక్కి వచ్చింది. పసుపునీళ్ళు, ఘటాలు, డప్పులు. ఘటం ఇంటి ముందుకు వస్తే బెంగాలీ మాస్టారి భార్య కూడా బిందెడు నీళ్ళు తెచ్చి ఘటం ఎత్తినవాళ్ళ కాళ్ళమీద పోసి దండం పెట్టేది. దుర్గాపూజకు మేమూ అంతే. దసరా నాడు రావణ్ మైదానంలో రావణుడు కాలిపోతుంటే, ఆ జనంలో ఎవరి భాష ఏమిటో విడదీయడం ఎవరి తరమూ కాదు.

* * *

1974 మే నెల. జార్జ్ ఫెర్నాండెజ్ నాయకత్వంలో దేశమంతా రైల్వే సమ్మె. మే 8న మొదలై ఇరవై రోజులు నడిచింది. కూత లేదు. యార్డు చప్పుడు లేదు. సాయంత్రమైతే మగవాళ్ళు ఇళ్ళలో కనిపించేవారు కాదు. ఎవరు ఏ ఊళ్ళో తలదాచుకున్నారో పిల్లలకు చెప్పేవారు కాదు. కిరాణా కొట్టాయన ఖాతా పుస్తకం మూసేయలేదు. బియ్యం కొలుస్తూ, "మీరు ఓడితే నేనూ ఓడినట్టే, పట్టుకెళ్ళండి" అన్నాడట అమ్మతో. ఒకరిద్దరు పనికి వెళ్ళారు. సమ్మె అయ్యాక ఏళ్ళ తరబడి వాళ్ళ ఇళ్ళకు ఎవరూ పండుగ పిండివంటలు పంపలేదు. ఆ పట్టింపు మంచిదేనా అని ఇప్పుడు అనిపిస్తుంది. వాళ్ళ పిల్లలు మా బడిలోనే చదివారు, మాతోనే ఉండలు ఎత్తారు.

* * *

వేసవిలో పాసు రాయించుకుని ఊరెళ్ళేవాళ్ళం. రాత్రి మద్రాసు మెయిలు ఎక్కితే తెల్లారేసరికి కిటికీ పక్కన చిలకా సరస్సు, మధ్యాహ్నానికి విజయనగరం. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం ప్రపంచంలోకెల్లా పొడవైనదని మా గొప్ప. ఊళ్ళో దాయాదుల పిల్లలు తోటలు, ఎడ్లబండ్లు చూపిస్తే మేము ప్లాట్‌ఫాం గురించి చెప్పేవాళ్ళం. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి మమ్మల్ని దాటేశాయి. హుబ్బళ్ళిది 1507 మీటర్లట, మాది 1072. పేపర్లో చదివి మా తమ్ముడు ఫోను చేశాడు. ఇద్దరం కాసేపు హుబ్బళ్ళిని తిట్టుకున్నాం.

వెళ్ళేటప్పుడు చేతులు ఖాళీ, వచ్చేటప్పుడు చింతపండు బుట్టలు, బెల్లం, ఆవకాయ జాడీలు. అన్నిటినీ మించింది మామ్మ తెచ్చిన రుబ్బురోలు. బెంగాల్లో దొరికే నూరుడు రాళ్ళు పప్పు రుబ్బడానికి పనికిరావని, ఊరి రాతిపనివాడి చేత చెక్కించి, గోనెసంచి చుట్టి, బ్రేకు వ్యానులో బుక్ చేయించి తెచ్చిందట. స్టేషను నుంచి ఇంటికి నలుగురు ఖలాసీలు మోశారు. వెనక పెరట్లో గొయ్యి తీసి సిమెంటుతో పాతేశారు. మా వీధిలో తెలుగు ఇల్లు గుర్తుపట్టాలంటే పెరట్లోకి తొంగి చూస్తే చాలు. రోలు ఉంటే మావాళ్ళు, లేకపోతే కాదు.

నాన్న రిటైరయ్యాక కొన్ని నెలలు గడువిచ్చారు. ఆ తరవాత క్వార్టర్ ఖాళీ చేయాలి. అందరూ అలాగే ఖాళీ చేశారు. కొందరు ఊరి శివార్లలో నాలుగు గోడలు కట్టుకుని అక్కడే ఉండిపోయారు. ఎక్కువమంది విశాఖ, విజయనగరం దారి పట్టారు. మనిషి వచ్చి జాబితా చూసుకుంటూ కిటికీ గొళ్ళాలు, కొళాయి, బల్బు హోల్డర్లు లెక్కపెట్టుకున్నాడు. పెరట్లో జామచెట్టు జాబితాలో లేదు. రోలూ లేదు. అది ప్రభుత్వ ఆస్తా, మీ సొంతమా అని అడిగాడు. మాదే అన్నారు నాన్న. అయితే తీసుకెళ్ళండి అన్నాడు. గడ్డపలుగు ఒకటి విరిగింది గాని రోలు కదలలేదు. పొత్రం ఒక్కటైనా తెచ్చుకుందామంటే, రోలు లేని పొత్రం ఎందుకని అమ్మ వద్దంది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇచ్చిందని వార్త వచ్చింది. ముఖ్యంగా మా ఖరగ్‌పూర్ వాళ్ళ కోసమే. సంతోషించాం. అప్పటికి మా వీధి సగం మధురవాడలోనూ గాజువాకలోనూ ఉంది.

* * *

పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకు, కలకత్తాలో పని పడి, తిరుగు దారిలో ఖరగ్‌పూర్‌లో దిగాను. బొగ్గు పొయ్యిలు ఎప్పుడో పోయాయి. గ్యాసు వచ్చాక సాయంత్రం వీధి చివరిదాకా కనిపిస్తోంది. నేను చూసిన కొన్ని వరసల్లో ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి, గోడల్లోంచి రావి మొక్కలు. మా క్వార్టర్లో మాత్రం మనుషులున్నారు. గయ నుంచి వచ్చిన టెక్నీషియన్, అతని భార్య, ఇద్దరు పిల్లలు. ఇక్కడే పుట్టానని చెప్తే ఆ అమ్మాయి కొంగు సర్దుకుని టీ పెట్టింది.

రోలు ఉంది. అంచుదాకా మట్టి నింపి తులసి మొక్క నాటారు. ఇది ముందునుంచీ తులసికోటేనా అని అడిగింది. కాదు, ఇందులో పిండి రుబ్బేవాళ్ళమని నాకు వచ్చిన హిందీలో చెప్పాను. దేంతో తిప్పేవారు అని అడిగింది. గుండ్రటి పొడుగు రాయి ఒకటి ఉండాలన్నాను. ఆమె పెద్ద కొడుకు పరుగెత్తుకెళ్ళి పక్కింటి గేటు దగ్గర్నుంచి అరిచాడు. అక్కడ గేటు గాలికి కొట్టుకోకుండా అడ్డంగా పడి ఉంది మా పొత్రం.

అక్కడినుంచే అమ్మకు ఫోను చేశాను. తులసి సంగతి విని, "మంచిదే, రోజూ నీళ్ళు పోస్తారు" అంది. పొత్రం సంగతి చెప్పగానే గొంతు మారింది.

"ఎవరి గేటు?"

"పక్కింటిది. ఛప్రా వాళ్ళు ఉండే వైపు."

"వాళ్ళకు నేను అప్పుడే చెప్పాను, అడక్కుండా ముట్టుకోవద్దని. ఆ అమ్మాయికి ఇప్పించెయ్యి. అక్కడున్నవాళ్ళు ఒప్పుకుంటారా?"

ఇప్పుడున్నది ఛప్రా వాళ్ళు కాదమ్మా, వాళ్ళు వెళ్ళి ఏళ్ళయిందన్నాను. అయినా సరే అడగమంది. అడిగాను. ఆ ఇంటి మనిషి అదోలా చూశాడు గాని, గేటుకు ఒక ఇటుక పెట్టుకుని రాయి ఇచ్చేశాడు. నేనూ, గయ అమ్మాయి కొడుకూ దాన్ని దొర్లించుకుంటూ తెచ్చి తులసి పక్కన పెట్టాం.

"కొళాయి ఎటుందో చూశావా?" అంది అమ్మ ఫోనులో.

చూశాను. చెట్టు కొట్టేశారు. కొళాయి ఒక్కటే ఉంది. పిన్నికి ఇంకా చెప్పలేదు.